సగం తెరలో క్లాసు

బడి, స్టాఫ్ రూములో కిటికీ పక్క బల్ల

ఒరేయ్ చిన్నోడా,

క్షేమమా అని అడగను. నీకేం, క్షేమంగానే ఉంటావు. దెబ్బ కొట్టినవాడికి నొప్పేమిటి?

మీ కంపెనీ క్లాసు యాప్ సోమవారం పొద్దున కొత్త వేషం వేసుకుని దిగింది. నేను ఎప్పటిలాగే ఫోను తెరని రెండు సగాలు చేసి, కింది సగంలో క్లాసు తెరిచాను. తెరిచానో లేదో అది ఒళ్లు విరుచుకుని తెరంతా ఆక్రమించేసింది. పై సగంలో నేను పెట్టుకున్నది ఎటు పోయిందో తెలియదు. మళ్లీ సగం చేశాను. "ఈ యాప్ సగం తెరలో పనిచేయదు" అని ఒక ముక్క రాసి నా మొహాన కొట్టింది. మొన్న శుక్రవారం దాకా పనిచేసిందిగా! రెండు రోజుల్లో ఏ రోగం వచ్చిందిరా దానికి? అసలు ఎవడికి తోచింది ఈ బుద్ధి?

నా క్లాసు సంగతి నీకు తెలియనిది కాదు. బడికి రాలేని పిల్లలు వాళ్లు. ఒకడికి గుండె ఆపరేషన్, ఒకడికి కాలు విరిగింది, ఒక పిల్లకి ఎముకల జబ్బు, మంచం దిగదు. ఇలాంటివాళ్లందరికీ కలిపి లెక్కల టీచరుని నేనొక్కదాన్నే. అందరూ వద్దంటుంటే అడిగి తీసుకున్న క్లాసు ఇది. ఈ ఉద్యోగంలో నాకు పొద్దున్నే లేవాలనిపించే కారణం కూడా ఇదే.

పై సగంలో నేను పాఠం పుస్తకం పెట్టుకుంటాను. అది లేకపోతే నాకు చెయ్యి విరిచి కట్టినట్టే ఉంది. మళ్లీ పాతలాగే చేసెయ్యి. బడి నాకిచ్చింది ఫోనే గనక కంప్యూటరు కొనుక్కో అని సలహా ఇచ్చావంటే బాగుండదు.

ఫోన్ చెయ్యకు. చేస్తే మధ్యలో అడ్డొస్తావు, నా తిట్లు సగంలో ఆగిపోతాయి. ఉత్తరమైతే చచ్చినట్టు చివరిదాకా చదువుతావు. జవాబు కూడా కాగితం మీదే రాయి.

అక్క


ఆఫీసు, ఐదో అంతస్తు, కాఫీ మిషను పక్కన

అక్కా,

ఉత్తరం వచ్చిందనేసరికి ఆఫీసంతా నా చుట్టూ మూగింది. రిసెప్షన్లో అమ్మాయి కవరు ఇస్తూ "కోర్టు నోటీసా సార్?" అంది. చదివాక, అంతకంటే తక్కువేమీ కాదని తెలిసింది.

ఆ బుద్ధి ఎవడికి తోచిందని అడిగావు. నాకే. తిట్టేముందు సంగతి విను.

మా యాప్ మొదట్నించీ ఫోను తెర ఎంతుందో చూసి దాన్నిబట్టి బొమ్మలూ బటన్లూ సర్దుకుంటుంది. తెరని రెండు చేస్తే దానికి దక్కేది సగమే. కానీ అది ఫోనంతా తనదే అనుకుంటుంది. ఇల్లు కొలిచి, చిన్న గదిలోకి మంచం కొన్నట్టన్నమాట. దాంతో సగం తెరలో చెయ్యెత్తే బటనూ, క్లాసులోంచి బయటికి పోయే బటనూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పిల్లలు సందేహం అడుగుదామని చెయ్యెత్తడం, క్లాసులోంచి మాయమవడం! తల్లిదండ్రులు మమ్మల్ని ఉతికి ఆరేశారు. సరిగ్గా బాగుచెయ్యాలంటే ప్రతి పేజీ కుట్లు విప్పి మళ్లీ కుట్టాలి. అంత టైము మాకెవరిచ్చారు? ఇక మీదట నిండు తెరే తప్ప సగం తెర లేదని ఒక్క లైను రాశాను. గొడవ సద్దుమణిగింది. మేనేజరు నా భుజం తట్టాడు.

సగం తెర వాడేవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరక్కా. లెక్క తీసే చేశాను. ఆ ఒక్కరూ నువ్వే అయి ఉంటావని నాకేం తెలుసు? పుస్తకం బల్ల మీద పెట్టుకో. కాగితంతో చేసిన పుస్తకాలు ఇంకా అమ్ముతూనే ఉన్నారు.

అయినా ఫోనెందుకు ఎత్తవు? ఎప్పుడు చేసినా బావ ఎత్తి, "మీ అక్క పనిలో ఉంది, నాతో చెప్పు" అంటాడు. బస్సు నడిపే మనిషికి నీ సెక్రటరీ ఉద్యోగం ఎప్పుడిచ్చావు?

నీ
చిన్నోడు


ఇల్లు, వంటగది

చిన్నోడా,

నీ ఉత్తరం చదివి చింపేద్దామనుకున్నాను. బావ లాక్కున్నాడు.

కాగితం పుస్తకాలు అమ్ముతున్నారా? తెలిసి చాలా సంతోషం. ఇప్పుడు నీ నూటికి ఒక్కరి సంగతి చెప్తాను, హాస్యాలు కట్టిపెట్టి చదువు.

మంచం దిగని పిల్ల ఉందన్నానే, దాన్ని మేమంతా పిచ్చుక అంటాం. మనిషీ అంతే, గొంతూ అంతే. మంగళవారం భిన్నాలు చెప్తున్నాను. పిచ్చుక చెయ్యెత్తి ఏదో అంది. పెదాలు కదిలాయి, కాస్త నవ్వింది కూడా. జవాబు చెప్పిందనుకుని "శభాష్!" అన్నాను. అది మళ్లీ ఏదో అంది. "శభాష్, అందరూ చప్పట్లు కొట్టండి" అన్నాను. కొట్టారు. ఆ పిల్ల తెర ఆపేసుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం వాళ్లమ్మ బడికొచ్చింది. పిచ్చుక అన్నదేమిటో తెలుసా? "నాకు అర్థం కాలేదు టీచర్, మళ్లీ చెప్తారా?" అని. రెండోసారి కూడా అదే అడిగింది. దానికి నేను చప్పట్లు కొట్టించాను. "మంచంలో ఉన్న పిల్లని పదిమందిలో వెక్కిరిస్తారా? మీకు పిల్లలు లేరా?" అని ఆవిడ ఏడుస్తూ అడిగింది. ఆ మాటలు కూడా హెడ్మిస్ట్రెస్ తర్వాత కాగితం మీద రాసి సంజాయిషీ అడిగితే తెలిశాయి. ఆవిడ ఎదురుగా నిలబడి అరుస్తుంటే నేను తల ఊపుతూ నిలబడ్డాను.

నాకు వినపడదురా.

ఎడమ చెవి మూడేళ్ల కిందటే పోయింది. కుడిది ఈ ఏడాది దాని వెంట పోతోంది. డాక్టరిచ్చిన మిషను పెట్టుకుంటే చప్పుడు పెరుగుతుంది గానీ మాట తెలియదు. పై సగంలో నేను పెట్టుకునేది పుస్తకం కాదు. ఎదుటివాళ్ల మాటల్ని అప్పటికప్పుడు అక్షరాలు చేసి చూపించే యాప్. పిల్లలు మాట్లాడతారు, నేను చదువుతాను, జవాబు చెప్తాను. పైనే ఎందుకంటే కెమెరా పైన ఉంటుంది గనక. అక్కడ చదువుతుంటే పిల్లల కళ్లలోకి చూస్తున్నట్టే ఉంటుంది. ఇన్నాళ్లూ ఒక్క పిల్ల కూడా కనిపెట్టలేదు. నా క్లాసంతా ఆ సగం తెర మీద నిలబడి ఉంది. దాన్ని నువ్వు ఒక్క లైనుతో పీకేశావు, నీ భుజం తట్టారు.

బడిలో ఎవరికీ తెలియదు. పోయినేడు డ్రాయింగు మాస్టారి చెయ్యి వణుకుతోందని పుస్తకాల గదిలో కూర్చోబెట్టారు. ఆయన ఇప్పుడు పుస్తకాలకి అట్టలు వేస్తున్నాడు. నన్నూ అలాగే చేస్తారు. అందుకే నెట్ సరిగా రాలేదని సంజాయిషీలో అబద్ధం రాశాను. పరీక్షలు అయిపోనీ. పిల్లల మార్కులు చేత్తో పట్టుకుని, హెడ్మిస్ట్రెస్ గదికి నేనే వెళ్లి, నా నోటితో నేనే చెప్తాను. అందాకా ఈ మాట నీ దగ్గరే ఉండాలి. బావకీ నీకూ తప్ప మూడో మనిషికి తెలియకూడదు.

అక్క


ఆఫీసు, మెట్ల మీద

అక్కా,

లోపల కూర్చుని రాయలేక మెట్ల మీదికొచ్చాను.

మూడేళ్లా? నేను పరాయివాణ్ణా? పండక్కి వచ్చి నాలుగు రోజులు ఉండి వెళ్లాను కదా మీ ఇంట్లో. నేను వాగుతుంటే నవ్వుతూ తల ఊపావు. అదంతా నటనేనా? ఎన్నిసార్లు "అక్క ఈమధ్య పొగరుగా ఉంది, పిలిస్తే పలకదు" అని బావతో అన్నానో. ఆ మహానుభావుడు కూడా ఒక్క ముక్క చెప్పలేదు. నాకు మీ ఇద్దరి మీదా ఒళ్లు మండిపోతోంది.

ముందే ఒక్క మాట చెప్పి ఉంటే ఆ లైను రాసేవాణ్ణే కాదు కదా.

మేనేజరుని అడిగాను. "ఇప్పుడు కుదరదు, వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. ఆయనకి చెప్పకుండానే మొదలుపెట్టాను. ఇప్పుడు యాప్ ఫోను ఎంతని అడగదు, తనకి దక్కిన కిటికీ ఎంతని అడుగుతుంది. నువ్వు మధ్య గీతని పైకీ కిందికీ జరిపినప్పుడల్లా మళ్లీ అడిగి సర్దుకుంటుంది. ఇదివరకు గీత జరిపితే క్లాసు తెగిపోయి మొదటికొచ్చేది. ఇక తెగదు. చోటు తక్కువైతే పిల్లల మొహాలన్నీ ఒక్క వరసలోకి వస్తాయి, బటన్లు ఆ కింద.

నీ ఫోనుకి మాత్రమే ఒక కాపీ పంపుతున్నాను. వాడి చూసి చెప్పు.

నీ
చిన్నోడు


బస్సు డిపో, బావ డ్యూటీ దిగేదాకా

చిన్నోడా,

"ముందే చెప్పి ఉంటే" అన్నావు చూడు, ఆ ముక్క దగ్గరే నాకు మండింది. అంటే నీ యాప్ నీ అక్కలకి మాత్రమే పనిచేస్తుందా? నీకు అక్కలు కాని చెవిటివాళ్లు ఎవరికి ఉత్తరం రాయాలి? వాళ్లకి ఏ ఇంజనీరు తమ్ముడు ఉన్నాడు? ఎవరికి ఏ లోటు ఉందో మీ ఆఫీసుకొచ్చి చెప్పుకుంటేనే మీరు తలుపు సగం తెరుస్తారా?

ఇక నీ కాపీ సంగతి. నువ్వు క్లాసుని పై సగంలో పెట్టి చూసి బాగుందనుకున్నావు. అవునా కాదా? నీ యాప్ తన నెత్తి మీద కెమెరా చిల్లు కోసం ఖాళీ పట్టీ వదులుతోంది. పై సగంలో అయితే సరే. నా క్లాసు కింది సగంలో ఉంటుంది మహాశయా, అక్కడ కెమెరా లేదు. లేని కెమెరాకి మర్యాద చేసి, ఉన్న బటన్లని తెర కిందికి తోసేసింది. మైకు ఆపలేను, పెట్టలేను. అక్షరాలు పైనెందుకు పెట్టుకుంటానో అంత వివరంగా రాస్తే, చదివి ఏడ్చావు గానీ బుర్రకెక్కించుకోలేదు.

ఈలోగా నా క్లాసు ఎలా నడుస్తోందో తెలుసా? మీ బావ సెలవు పెట్టి కెమెరాకి కనపడకుండా బల్ల కింద కూర్చుంటున్నాడు. పిల్లలు అన్నది పలక మీద రాసి పైకెత్తుతాడు. నిన్న ఎత్తిన పలక మీద ఏముందో చెప్పనా? "ఏదో అంటున్నాడు." అంతే. ఆ మాత్రం నాకూ కనపడుతోంది కదండీ అంటే, "వాడు లెక్క చెప్తున్నాడు, నాకు రాదు" అన్నాడు. మోకాళ్లు పట్టేశాయి పాపం. సెలవులు కూడా అయిపోయాయి.

పిచ్చుక క్లాసుకి వస్తోంది గానీ చెయ్యెత్తడం మానేసింది.

త్వరగా బాగుచెయ్యి. ఈసారి కింద పెట్టి చూడు.

అక్క


ఆఫీసు, నా సీట్లోంచే

అక్కా!

ఒప్పుకున్నారు! నీకొక్కదానికే కాదు, అందరికీ. వచ్చే వారం కొత్త యాప్ అందరి ఫోన్లకీ వెళ్తోంది. పైన పెట్టుకో, కింద పెట్టుకో, పక్కన పెట్టుకో, నీ ఇష్టం. నువ్వు చెప్పిన ఆ పట్టీ కూడా తీసేశాను. కెమెరా చిల్లు తన కిటికీలో ఉంటేనే చోటు వదులుతుంది.

పెద్ద మీటింగులో పట్టుబట్టి ఒప్పించాను. చివర్లో చప్పట్లు కూడా కొట్టారు. ఎలా ఒప్పించానన్నది తర్వాత తీరిగ్గా చెప్తాను. ముందు నువ్వు వాడి చూడు.

నీ
చిన్నోడు


బడి, పుస్తకాల గది

గౌరవనీయులైన ఇంజనీరు గారికి,

మీరు పంపిన యాప్ అందింది. వాడి చూసే భాగ్యం కలగలేదు. నాకు క్లాసు లేదు.

నిన్న హెడ్మిస్ట్రెస్ గారు నన్ను పిలిపించారు. యాప్ వాడే బడులవాళ్లని కూడా ఆన్‌లైన్లో పిలిచిన మీ మీటింగులో మా బడి తరఫున ఒకాయన ఉన్నారట. తమరు లేచి, "మా అక్కకి రెండు చెవులూ వినపడవు, ఇన్నేళ్లుగా ఎవరికీ తెలియకుండా ఇలా నెట్టుకొస్తోంది" అని చాలా హృదయవిదారకంగా సెలవిచ్చారట. ఆయన కళ్లు తుడుచుకుని ఇక్కడికి ఫోన్ చేశారు.

నా సంజాయిషీలోని అబద్ధం కూడా బయటపడింది. ఇకనుంచి ఇక్కడే నా సీటు. ఇదంతా నా మంచి కోసమేనని కాగితం మీద రాసి చూపించారు. డ్రాయింగు మాస్టారు పక్కకి జరిగి చోటిచ్చారు. పుస్తకాలకి అట్ట ఎలా మడవాలో నేర్పుతున్నారు.

ఎలా ఒప్పించారో తీరిగ్గా చెప్తానన్నారు. ఆ శ్రమ తమరికి తప్పింది.

ఇట్లు,
ఒకప్పటి లెక్కల టీచరు


నా గది

అక్కా,

"మీరు" అని రాశావు. తిట్టినా బాగుండేది.

మేనేజరు అందరి ముందూ, "సగం తెర వాడే మనిషిని ఒక్కరిని చూపించు, చేద్దాం" అని ఎగతాళిగా నవ్వాడు. నాకు కోపం ఆగలేదు. నోట్లోంచి వచ్చేసింది. మీ బడి ఆయన ఆ మీటింగులో ఉన్నాడని నిజంగా తెలియదక్కా. నా తెర నిండా నేను చూపిస్తున్న బొమ్మలే ఉన్నాయి. ఎవరెవరు చేరారో కనపడే వరస దాని వెనకెక్కడో ఉండిపోయింది. ఇన్ని రోజులుగా తెరలు సరిచేస్తున్నవాణ్ణి, నా తెర నేను చూసుకోలేదు.

అయినా ఆయన లేకపోతే మాత్రం చెప్పచ్చా? చెప్పకూడదు. చెప్పకని నువ్వు స్పష్టంగా రాశావు. చప్పట్లు కొడుతుంటే నాకు సంతోషం వేసింది కూడా. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

మీ హెడ్మిస్ట్రెస్ గారికి నేను ఉత్తరం రాస్తాను. కావాలంటే వచ్చి మాట్లాడతాను. యాప్ ఎలా పనిచేస్తుందో ఎదురుగా చూపించి ఒప్పిస్తాను. ఒక్క మాట చెప్పు చాలు, బయల్దేరతాను.

చిన్నోడు


బడి, నా క్లాసు గది

చిన్నోడా,

నువ్వు ఎవరికీ ఏమీ రాయక్కర్లేదు. నా తరఫున నువ్వు మాట్లాడింది చాలు, ఈ జన్మకి సరిపోతుంది.

హెడ్మిస్ట్రెస్ దగ్గరికి నేనే వెళ్లాను. "ఒక్కరోజు నా క్లాసులో నా పక్కన కూర్చోండి. ఆ తర్వాత ఏ గదిలోకి పొమ్మంటే ఆ గదిలోకి పోతాను" అన్నాను. వద్దంది. మర్నాడు మళ్లీ వెళ్లాను. ఆ పై వారం కూడా వెళ్లాను. చివరికి నన్ను వదిలించుకోవడానికి ఒప్పుకుంది. పిచ్చుక వాళ్లమ్మని కూడా పిలవమన్నాను. పిల్ల పక్కన కూర్చుని వింటానంది.

ఫోను స్టాండు మీద పెట్టాను. పైన అక్షరాలు, కింద పిల్లలు. అన్నిటికంటే ముందు వాళ్లకే చెప్పాను. "నాకు వినపడదు. మీరు అనేది పైన అక్షరాలుగా వస్తుంది, చదివి జవాబు చెప్తాను. ఆవేళ శభాష్ అన్నానే, అప్పుడు ఆ అక్షరాలు లేవు. నేను తెలిసినట్టు నటించాను" అని. తర్వాత కాలు విరిగినవాడు అడిగాడు, "అయితే మేం గొణుక్కున్నా మీకు తెలుస్తుందా టీచర్?" "గొణిగింది కూడా కనపడుతుంది" అన్నాను. "మోసం!" అన్నాడు. అక్షరాలా అదే వచ్చింది పైన. హెడ్మిస్ట్రెస్ మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది.

ఆ తర్వాత పిచ్చుక చెయ్యెత్తింది. ఆ బటన్ నొక్కినా అది క్లాసులోంచి మాయమవలేదు. భిన్నాలు మొదట్నించీ మళ్లీ చెప్పమంది. చెప్పాను. ఇంకోసారి చెప్పమంది. ఇంకోసారి చెప్పాను. యాప్ ఒకచోట మూడుని ఏడు అని రాసింది. లెక్క కుదరక, "నువ్వన్నది ఎంతమ్మా?" అని అడిగితే వేళ్లతో చూపించింది. హెడ్మిస్ట్రెస్ అది కూడా చూసింది.

పరీక్షలయ్యేదాకా క్లాసు నాదే. ఆ తర్వాత చూస్తారట. నేనూ చూస్తాను, ఎలా తీసేస్తారో. ముందు పిచ్చుక వాళ్లమ్మని దాటి రావాలి. ఆవిడిప్పుడు నా వైపు.

నీ యాప్ బాగా పనిచేస్తోంది. ఆ మాట కాదనను. నువ్వు పంతం పట్టకపోతే ఈ క్లాసు జరిగేది కాదు, అది కూడా నాకు తెలుసు.

కానీ చిన్నోడా, హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్లి ఎలా చెప్పాలో నేను ఏడాది నుంచి మాటలు కూర్చుకుంటున్నాను. అద్దం ముందు నిలబడి చెప్పుకుని చూసుకునేదాన్ని. ఏ చీర కట్టుకోవాలో కూడా అనుకున్నాను. తీరా నన్ను పిలిపించిన రోజు నేను తలుపు తోసేసరికి ఆవిడ మొహంలో అప్పటికే జాలి ఉంది. నన్ను చూసి నోరు ఇంత పెద్దగా తెరిచి, చిన్నపిల్లతో అన్నట్టు "కూ... ర్చో... అమ్మా" అంది. నన్ను ఆవిడ "నువ్వు" అన్నట్టు పిలవడం అదే మొదటిసారి. నేను చెప్పడానికి ఏమీ మిగల్లేదు. నా మాట నా కంటే ముందు నువ్వు చెప్పేశావు. అది తల్చుకున్నప్పుడల్లా నిన్ను పట్టుకుని నాలుగు దులపాలనిపిస్తుంది. ఎన్ని లైన్లు రాసినా దాన్ని నువ్వు బాగుచెయ్యలేవు.

ఆదివారం రా. తిట్లింకా చాలా ఉన్నాయి, కాగితం మీద పెట్టేసరికి చల్లారిపోతున్నాయి. నేను తిట్టాలి, నువ్వు ఎదురు చెప్పాలి, అది నేను చూడాలి. వెలుతురు మొహం మీద పడేలా కూర్చో. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకు. ఆవిడలాగా నోరు సాగదీసి, జాలిపడుతూ మాట్లాడావో, మెడపట్టి గెంటుతాను. చిన్నప్పటినుంచీ నాతో ఎలా పోట్లాడావో అలాగే పోట్లాడు.

అక్క